రెండో కంట్రోలర్

తొంభైల్లో పెరిగినవాళ్ళు వీడియో గేముల గురించి రాసుకున్న జ్ఞాపకాలు ఈమధ్య చాలా చదివాను. అన్నిట్లోనూ దాదాపు అవే సంగతులు. వేసవి సెలవులు, చిన్న టీవీ, ఆడకపోతే నోటితో ఊది మళ్ళీ పెట్టే క్యాసెట్, మారియో. చదువుతున్నంతసేపూ బానే ఉంటుంది. కానీ రెండో కంట్రోలర్ ఎవరి చేతిలో ఉండేదో మాత్రం ఎక్కడా కనపడదు. రాసేవాళ్ళందరూ మొదటిది పట్టుకున్నవాళ్ళేనేమో అని నా అనుమానం.

నేను రెండోది పట్టుకున్నదాన్ని.

గుంటూరులో అమ్మావాళ్ళ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద మా పాత గేము దొరికింది. నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కి అది నకలు. అప్పట్లో మన ఊళ్ళలో దొరికినవి ఎక్కువగా అలాంటి నకళ్ళే. అన్నయ్య మారియో, నేను లూయీజీ. నా లూయీజీ ఎప్పుడూ మొదటి గుంటలోనే పడేవాడు. దూకడానికి 'ఏ' నొక్కేదాన్ని, వాడు దూకేవాడు కాదు. "నొక్కవే!" అని అన్నయ్య. "నొక్కాను!" అని నేను. "ఆడపిల్లలకి ఇవి రావులే" అని మేనత్త కొడుకులు. కొన్నాళ్ళకి నేనూ అదే నమ్మి, పక్కన కూర్చుని చూడ్డం మొదలుపెట్టాను.

ఈసారి దాన్ని హైదరాబాద్ తెచ్చుకుని విప్పాను. వెనక స్క్రూలు తీస్తే లోపల ఉండేది చాలా తక్కువ. గుండీల కింద మెత్తటి రబ్బరు, దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్ళలు, ఆ కింద సర్క్యూట్ బోర్డు. గుండీ నొక్కితే బిళ్ళ కిందికి దిగి, బోర్డు మీద విడిగా ఉన్న రెండు గీతల్ని కలుపుతుంది. అసలు ఫ్యామికామ్‌లో ఈ సంగతిని పట్టుకునే చిప్ పేరు 4021. గుండీలన్నిటి స్థితినీ ఒక్కసారిగా నమోదు చేసుకుని, ఒకదాని వెనక ఒకటిగా ఒకే తీగ మీద పంపుతుంది. మా నకలులో ఆ చిప్ బదులు నల్లటి జిగురు బొట్టు ఉంది. పని మాత్రం అదే. గేము సెకనుకి యాభై అరవైసార్లు అడుగుతుంది, నొక్కారా లేదా అని. జవాబులు రెండే. నొక్కారుగానీ అందలేదు అని చెప్పడానికి అందులో చోటు లేదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి బోర్డు తుడిచాను. జిడ్డు పోయింది, 'ఏ' మాత్రం పలకలేదు. మల్టీమీటర్ పెడితే 'బీ' బిళ్ళ కొన్ని వందల ఓమ్‌లు చూపించింది. 'ఏ' బిళ్ళ ఏమీ చూపించలేదు. రబ్బరు తిప్పి దీపం కింద పెట్టి చూశాను. కార్బన్ పొర ఒక అంచున మాత్రమే ఉంది, మిగతాదంతా కొత్త రబ్బరులా నున్నగా ఉంది. అది అరుగుదల కాదు. తయారైన రోజునే ఆ పొర సరిగ్గా పడలేదు.

ముందు మెత్తటి పెన్సిల్ ముక్కు రుద్దాను. ఓ గంట పనిచేసి, రాలిపోయింది. తర్వాత పాడైన టీవీ రిమోట్ విప్పి, ఇంట్లో ఎవరూ నొక్కని గుండీ ఒకటి చూసి, దాని కింది బిళ్ళ కోసి సిలికాన్ జిగురుతో అంటించాను. మామూలు జిగురైతే ఆ రబ్బరుకి పట్టదు.

ఈ పని చేస్తున్నప్పుడే, చిన్నప్పుడు రోజూ చూసి కూడా పట్టించుకోనిది ఒకటి పట్టించుకున్నాను. రెండో కంట్రోలర్‌కి స్టార్ట్, సెలెక్ట్ లేవు. ఇది నకలు చేసినవాళ్ళ పిసినారితనం కాదు, అసలు ఫ్యామికామే అంత. వాటి బదులు రెండోదానికి ఓ మైకు పెట్టారు. ఆట మొదలుపెట్టాలన్నా, కాసేపు ఆపాలన్నా మొదటివాళ్ళే చెయ్యాలి. పైగా రెండు తీగలూ పెట్టెలోంచే వస్తాయి, ఊడదీసి మార్చుకోవడానికి లేదు. తొలి ఫ్యామికామ్‌లలో ఏ, బీ గుండీలు నలుచదరపు రబ్బరువి. నొక్కితే ఇరుక్కుంటున్నాయని తర్వాత వాటిని గుండ్రటి గట్టి ప్లాస్టిక్‌వి చేశారు. అక్కడ తప్పు గుండీదని తేలింది. మా ఇంట్లో నా చేతిదని తేలింది.

బాగుచేశానని అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. నవ్వాడు. "అది కొన్నప్పట్నుంచీ అంతేగా. అందుకే కదే నీకిచ్చింది!"

అందులో కుట్రేం లేదు. అన్నయ్యకి అదో చిన్న విషయం, పాతికేళ్ళుగా గుర్తుంచుకోవాల్సిన అవసరం రాలేదంతే. జ్ఞాపకాల వ్యాసాలతో నా పేచీ ఇక్కడే. "అందరం కలిసి ఆడుకునేవాళ్ళం" అనే వాక్యం అబద్ధమని నేననను. ఆ 'అందరం'లో ఎవరికి ఏ కంట్రోలర్ దక్కిందో అడక్కపోతే మటుకు అది సగం వాక్యమే. 2016లో నింటెండో 30 పాత గేములు ఎక్కించి ఎన్‌ఈఎస్ క్లాసిక్ అని ఓ బుల్లి యంత్రం అమ్మింది. ఆ పెట్టెలో ఒకే కంట్రోలర్ ఉండేది, రెండోది కావాలంటే విడిగా కొనుక్కోవాలి. మనం రాస్తున్న తొంభైల వ్యాసాలు కూడా నాకు ఆ పెట్టెలాగే కనిపిస్తాయి.

పాత వస్తువు మీద ప్రేమతో రాయడం తేలికే, నేనూ రాస్తాను. విప్పి చూస్తే మాత్రం మన జ్ఞాపకానికి పడని సాక్ష్యం ఏదో ఒకటి బయటపడే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదానికి ఒప్పుకున్న వ్యాసం ఒక్కటైనా చదవాలని ఉంది.

జిగురు ఆరాక కూర్చుని ఆడాను. మొదటి గుంట. లూయీజీ పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. మూడోసారీ పడ్డాడు. ఆలస్యంగా నొక్కుతున్నానని అప్పుడు తెలిసింది. ఈ మూడుసార్లూ తప్పు నాదే. నాలుగోసారి కాస్త ముందుగా నొక్కాను.