పేపర్లో వరద

మొన్న వంటింటి అలమరలో పాత పేపర్లు తీసి కొత్తవి పరుస్తుంటే, పప్పు డబ్బా కింద ఆ పిల్లాడు కనిపించాడు. 2015 సెప్టెంబరు నాటి పేపరు. ఎర్ర చొక్కా, నీలం లాగు, కాళ్ళకి బూట్లు. టర్కీలో బోద్రుమ్ దగ్గర సముద్రపుటొడ్డున బోర్లా పడివున్న సిరియా పసివాడు. మీకూ గుర్తుండే వుంటాడు.

పని ఆపి పేజీ అంతా చదివాను. (పని మానెయ్యడానికి పాత పేపరంత మంచి సాకు లేదు లెండి.) బొమ్మ కింద బోలెడు జాలి. పక్క వార్తలోనేమో 'శరణార్థుల వెల్లువ', 'పోటెత్తుతున్న జనం'!

నాకా మాటలతోనే పేచీ. వరదొస్తోందంటే గోదావరి ఒడ్డు వాళ్ళం ఏం చేస్తాం? గట్టుకి ఇసుక బస్తాలు వేస్తాం. అంతేగాని నీ పేరేమిటి, ఎందుకొచ్చావని వరదనెవరూ అడగరు కదా! మనుషుల్ని ఒకసారి వరద అనేశాక, గోడ కట్టండి అనడం ఎంతసేపు? పైగా ఆ పసివాణ్ణి మింగింది నీళ్ళు. అలాంటివాళ్ళని నీళ్ళతోనే పోల్చడమేమిటండీ!

ఇంతకన్నా అన్యాయమైన మాటలూ పడ్డాయి. బ్రిటన్‌లో 'సన్' పత్రిక ఆ ఏప్రిల్‌లోనే, పడవల్లో వచ్చేవాళ్ళని బొద్దింకలతో పోల్చిన వ్యాసం అచ్చు వేసింది. సెప్టెంబరులో ఈ బొమ్మ రాగానే, ఇకనైనా కదలమని ప్రధానమంత్రిని మొదటి పేజీలో గద్దించింది. మనసు మారితే సంతోషమే, కాదనను. కాని తిట్టినప్పుడూ, అయ్యో అన్నప్పుడూ కూడా మాట్లాడింది పత్రికే.

పోనీ పేరైనా సరిగా రాశారా? చాలా పత్రికలు మొదట 'అయిలాన్, మూడేళ్ళు' అన్నాయి. అసలు పేరు అలాన్. రెండేళ్ళవాడు. అన్న గాలిబ్, తల్లి రెహానా కూడా ఆ పడవ మునకలోనే పోయారు. వాళ్ళ వంతుకి అర వాక్యం. నాకైతే ఆ బూట్లు చూస్తే తల్లే గుర్తొస్తుంది. రెండేళ్ళ పిల్లాడికి బూట్లు తొడగడం ఎంత అవస్థో మనకి తెలీదూ!

తండ్రి అబ్దుల్లా బతికాడు. ఆయన్ని అడిగారు, నిజమే. ఎక్కువగా అడిగింది పడవ తిరగబడిన ఆ కాసేపటి సంగతే. ఆయన క్షౌరవృత్తి చేసుకునే మనిషని ఎందరికి తెలిసింది? చివరికి కెనడాలో వుండే మేనత్త తీమా 2018లో తనే పుస్తకం రాసుకుంది. డమాస్కస్‌లో వాళ్ళిల్లూ, అమ్మానాన్నలూ, తోబుట్టువులూ అందులో వున్నారు.

ఆ పేజీ దాచుకున్నాను. పప్పు డబ్బా కిందికి నిన్నటి పేపరు పరిచాను. అందులోనూ ఓ 'వెల్లువ' వుంది.