పేట మాట, వాడ మాట: స్థానిక నాయకులతో సంభాషణలపై ఒక పరిశీలన

నారాయణపేట గురించి ఎవరు రాయాలనుకున్నా ముందు ఒక నాయకుణ్ణి కలుస్తారు. పత్రికల జిల్లా పేజీలో వచ్చే ముఖాముఖి అయినా, ఏదో సంఘం వేసే ప్రత్యేక సంచిక అయినా, యూనివర్సిటీ నుంచి వచ్చిన పరిశోధకుడి ప్రశ్నావళి అయినా దారి ఒకటే. మొదటి ప్రశ్న ఊరి చరిత్ర మీద, రెండోది ప్రజల మధ్య సఖ్యత మీద, మూడోది వెనుకబాటుకు కారణాల మీద. చివరిది 'మీ ప్రాంతానికి ఏం కావాలి?' అన్నది. జవాబులు కూడా దాదాపు ముందే తెలిసినవి. నీళ్లు కావాలె, రైలు కావాలె, కాలేజీలు కావాలె, వలసలు ఆగాలె అంటరు.

ఈ జవాబులు అబద్ధాలని మేము అనడం లేదు. వీటిలో ప్రతి ఒక్కటీ న్యాయమైన కోరికే. మా పేచీ ఈ సంభాషణ అనే రచనారూపంతోనే. కథకు, నవలకు, పాటకు విమర్శ ఉంది. ఊరి పెద్దతో జరిపిన సంభాషణకు మాత్రం విమర్శ లేదు. దాన్ని సమాచారం అనుకుని వదిలేస్తున్నాం. రేపు దీన్నే చరిత్రకు ఆధారంగా చూపిస్తారు, దీని మీదనే పథకాలు రాస్తారు. కాబట్టి ఎవర్ని అడిగారు, ఎక్కడ కూర్చొని అడిగారు, ఏ నెలలో అడిగారు అన్న మూడు ప్రశ్నలు దళిత అధ్యయనం తప్పక వేయాల్సినవి.

ఒకే గొంతు, ఒకే దాహం

ముందు నాయకుల మాటల్లో ఉన్న బలాన్ని ఒప్పుకుందాం. కృష్ణా నది తెలంగాణలోకి అడుగుపెట్టేదే ఈ జిల్లాలో, తంగిడి దగ్గర. నది కింద, నేల మీద. ఎత్తిపోస్తే తప్ప ఇక్కడి చేలకు నీళ్లెక్కవు. 2014 మే నెలలో, రాష్ట్రం విడిపోయే ముందు, నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతలకు 69వ నంబరు జీవో వచ్చింది. తర్వాత అది మూలన పడింది. దానికోసం ఏళ్ల తరబడి సభలు, పాదయాత్రలు జరిగాయి. చివరికి 2024 ఫిబ్రవరి 21న కోస్గిలో శంకుస్థాపన అయ్యింది. 2016లో జిల్లాల విభజన జరిగినప్పుడు నారాయణపేటకు మొండిచెయ్యి చూపారు. మళ్లీ ఆందోళనలు జరిగితే 2019 ఫిబ్రవరి 17న పదకొండు మండలాలతో జిల్లా ఏర్పడింది. జక్లేర్ నుంచి కృష్ణా దాకా 37 కిలోమీటర్ల కొత్త రైలు మార్గం 2023 అక్టోబర్ 1న మొదలైంది. 2011 లెక్కలను కొత్త జిల్లా సరిహద్దులకు సర్ది చూస్తే అక్షరాస్యత సగానికి అటూ ఇటుగానే ఉంది. రాష్ట్రంలో అట్టడుగున నిలిచిన జిల్లాల్లో ఇదొకటి. ఇంత వెనుకబాటు ఉన్నచోట 'మా ప్రాంతం' అని గొంతెత్తడం తప్పెట్లా అవుతుంది? ఆ సభలకు జనం వాడల నుంచీ తండాల నుంచీ కూడా వచ్చారు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ సంభాషణలో ప్రాంతం ఒకే మనిషిగా మారిపోతుంది. ఆ మనిషికి ఒకే గొంతు, ఒకే దాహం. కాలువ వస్తే ఎవరి చేనుకు పారుతుంది, ఎవరి చేను మీంచి పోతుంది, అసలు చేనే లేనివానికి ఆ నీళ్లతో సంబంధమేమిటి అన్న ప్రశ్నలు లేవవు. 2013 భూసేకరణ చట్టం పట్టాదారుకే పరిమితం కాదు. అంతకుముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారునూ కూలీనీ కూడా 'బాధిత కుటుంబం' అన్నది. మరి పరిహారం గురించి నాయకులతో చేసే సంభాషణల్లో ఎకరానికి ఎంత అన్న మాటే వినిపిస్తుంది. ఎకరం లేనివాడు ఆ లెక్కలోకే రాడు. చట్టం గుర్తించిన మనిషిని సంభాషణ గుర్తించలేదు.

అధికారులు పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఇదే సంభాషణకు సర్కారీ రూపం. పొరుగున వికారాబాద్ జిల్లా లగచర్లలో 2024 నవంబర్ 11న అట్లాంటి కార్యక్రమం ఎట్లా ముగిసిందో చూశాం. అధికారుల మీద దాడి జరిగింది. అరెస్టయినవాళ్లలో లంబాడీ రైతులు ఉన్నారు. నెల తిరక్కముందే ఫార్మా కోసం ఇచ్చిన భూసేకరణ ప్రకటనను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. దాడిని మేము సమర్థించడం లేదు. తండా మనిషి 'వద్దు' అన్న మాట కాగితం మీదికెక్కడానికి వ్యవహారం అంతదూరం ఎందుకు పోవాల్సి వచ్చిందని అడుగుతున్నాం.

నాయకుడు ఎవరు?

మహబూబ్‌నగర్ లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి: కొడంగల్, నారాయణపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్ర, మక్తల్, షాద్‌నగర్. ఏడూ జనరల్ స్థానాలే. రిజర్వుడు స్థానాలైన అచ్చంపేట, అలంపూర్ నాగర్‌కర్నూల్ కిందికి పోతాయి. అంటే 'మన ఎమ్మెల్యేతో ముఖాముఖి' అనే శీర్షిక కింద నారాయణపేట, మక్తల్, కోస్గి పాఠకులకు దళితుని ముఖం కనపడే అవకాశం ఏర్పాటులోనే అరుదైపోయింది.

ఇక మిగిలింది పంచాయతీ. 73వ సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చినప్పటి నుంచి దళిత సర్పంచులు, దళిత స్త్రీ సర్పంచులు ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోయినప్పుడు ఏం జరుగుతుందో ఊర్లు తిరిగే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆమె సంతకం కోసం పిలిచేదాకా లోపలుంటుంది. అరుగు మీద కూర్చొని మాట్లాడేది భర్తో, ఆమెను నిలబెట్టిన పెద్దమనిషో. అడగవచ్చినవారు కూడా 'ఎవరైతేనేం, వివరాలే కదా' అనుకుంటారు.

వివరాలు వేరు, వివరం చెప్పే మనిషి వేరు అనే భ్రమను అంబేద్కర్ 1919లోనే తోసిపుచ్చాడు. సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యమిస్తూ, అభిప్రాయాలకు ప్రాతినిధ్యం దొరికితే చాలదని, మనుషులకు ప్రాతినిధ్యం దొరకాలని వాదించాడు. అంటరానివాని కష్టాన్ని ఇంకొకరు ఎంత సానుభూతితో చెప్పినా, చెప్పే చోటు అతనిది కాకపోతే అతను బయటే ఉన్నట్టు. నూరేళ్లు దాటినా మన ముఖాముఖిలు ఈ పాఠం నేర్చుకోలేదు.

ఏ నెలలో అడిగారు?

ఎవర్ని అడిగారన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు అడిగారన్నదీ అంతే ముఖ్యం. వానకాలం పంట చేతికొచ్చాక గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి జనం బతకబోతారు. బొంబాయి, పూణె, హైదరాబాద్, ఎక్కడ మట్టిపని ఉంటే అక్కడికి. 'పాలమూరు లేబర్' అనే పేరు దేశంలో ఆనకట్టలు కట్టిన చోటల్లా తెలుసు. నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టడాల్లో వాళ్ల చెమట ఉంది. ఇతరుల చేలకు నీళ్లు పారించిన చేతులవి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో చట్టం వచ్చింది, 2020లో దాన్ని కొత్త కోడ్‌లో కలిపేశారు. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అయినా తాళం వేసిన ఇండ్లు, ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన పిల్లలు వాడల్లో కనపడుతూనే వచ్చారు.

పరిశోధకులు వచ్చేది ఎక్కువగా ఈ చలికాలం, ఎండాకాలం నెలల్లోనే. సెలవులు అప్పుడే, ఊర్ల దారులు బాగుండేదీ అప్పుడే. అంటే వలస గురించి ఊర్లో అడుగుతున్న సమయానికి వలసపోయినవాడు ఊర్లో ఉండడు. ఊర్లో మిగిలిన భూమిగలవారు అతని గురించి చెప్తరు. 'సోమరితనం', 'తాగుడు', 'బొంబాయి మోజు' అనే మాటలు నివేదికల్లోకి చేరేది ఇట్లాగే. మేస్త్రీ దగ్గర తీసుకున్న అప్పు మాట ఆ నివేదికల్లో దొరకదు, ఎందుకంటే కొన్నిచోట్ల ఆ మేస్త్రీనే స్థానిక నాయకుడు.

బతకబోయినవాళ్లు ఊరు చేరే రోజులు వేరే ఉన్నాయి. పాలమూరులో వాటిలో పెద్దది పీర్ల పండుగ. మొహర్రం చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక ఏడు ఎండల్లో, కొన్నేండ్లకు చలిలో. వాళ్లను కలవాలంటే మనం కాలేజీ సెలవుల క్యాలెండర్ పక్కన పెట్టి వాళ్ల క్యాలెండర్ పట్టుకోవాలి.

సఖ్యత కింద ఏముంది?

సామాజిక జీవనం గురించి అడిగితే నాయకులు అందమైన జవాబే ఇస్తారు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపించే పేట ఇది. పీర్లను హిందువులూ ఎత్తుకుంటారు. ఇవన్నీ నిజాలే, మతం పేరుతో జనాన్ని చీల్చే కాలంలో విలువైన నిజాలు కూడా. అయితే పీర్ల ముందు డప్పు కొట్టేది ఎవరు, కొట్టినందుకు వాళ్లకు ఏమిస్తారు, కొట్టనంటే ఏమవుతుంది అని అడగకుండా సఖ్యత గురించి రాస్తే, సగమే రాసినట్టు.

చరిత్ర సంగతీ అంతే. నారాయణపేట చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీర పుట్టుక గురించి చెప్పే కథలో 1630లో శివాజీ ఇక్కడ విడిది చేశాడని, ఆయన వెంట వచ్చిన నేతగాళ్లు ఇక్కడే ఆగిపోయారని ఉంటుంది. శివాజీ పుట్టిందే 1630 ఫిబ్రవరిలో అని మహారాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క. ఉయ్యాలలో పిల్లవాడు సైన్యంతో విడిది చేయడు. ఈ కథను ముఖాముఖిల్లో ఎవరూ నిలదీయకపోవడం చూస్తే ఒకటి అర్థమవుతుంది. మహారాజు పేరున్న జవాబును ప్రశ్నించరు. అదే వాడ మనిషి 'ఈ మాన్యం మా తాతలది, వెట్టి కిందికి మాకిచ్చింది' అంటే వెంటనే కాగితం చూపమంటారు. నేతన్నల నైపుణ్యం పట్ల మాకు గౌరవమే. వాళ్ల చెమటకు రాజు కథ తొడిగితే వాళ్లకూ ఒరిగేదేమీ లేదు.

ఈ సఖ్యత మాట కింద అన్నిటికంటే లోతుగా పూడ్చిపెట్టింది జోగినిని. జోగినులు ఎక్కువమంది మాదిగ, మాల ఆడబిడ్డలు. 1988లో రాష్ట్ర శాసనసభ ఈ ఆచారాన్ని నిషేధించింది. నాయకుణ్ణి అడిగితే 'ఇప్పుడు లేదు' అంటడు, లేకపోతే 'వాళ్ల ఆచారం' అంటడు. రెండు జవాబులూ ఊరిని తప్పించేవే. దేవుడి పేరు మీద ఆమెను అనుభవించిన ఇండ్లు 'వాళ్ల'లోకి రావు. ఊట్కూరు, మక్తల్ ప్రాంతాల్లో జోగిని స్త్రీలే ముందుకొచ్చి కొత్తగా ఇంకో పిల్లను జోగినిగా మార్చకుండా అడ్డుపడ్డారు. తండ్రి పేరు లేదని బడిలో చిన్నచూపుకు గురైన తమ పిల్లల కోసం కొట్లాడారు. నాయకత్వమంటే ఇది కాక మరేమిటి? అయినా వాళ్ల దగ్గరికి పోయేవారు ఆచారం గురించి, కన్నీళ్ల గురించే అడుగుతారు. ఎత్తిపోతల గురించి, బస్సు గురించి, ఆస్పత్రి గురించి, భూమి గురించి ఆమెను అడిగిన ముఖాముఖి మేము చదవలేదు. ఆమె బాధితురాలు, ఆయన నాయకుడు. ఈ విభజన చేసింది ఊరు మాత్రమే కాదు, మన ప్రశ్నావళి కూడా.

వేరే దారి ఉంది

సంభాషణ అనే రూపమే పనికిరాదని మేము అనుకోవడం లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటం గురించి నాయకులు చెప్పిన చరిత్ర పక్కన అందులో పనిచేసిన ఆడవాళ్లు చెప్పిన చరిత్ర నిలబడింది. పోరాటాన్ని కాదనకుండానే పోరాటంలోపలి పెత్తనాన్ని చూపింది. గోగు శ్యామల 2011లో 'నేనే బలాన్ని' పేరుతో టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ తెచ్చినప్పుడు ఇంకో మెట్టు ఎక్కాం. మాదిగ స్త్రీ రాజకీయ నాయకురాలిగా తన గురించీ, రాష్ట్రం గురించీ, కులం గురించీ తానే చెప్పింది. అడిగినామె కూడా దళిత స్త్రీనే. ఈ రెండు పుస్తకాల్లోనూ సంభాషణ ఒక పూట పని కాదు. అడిగేవారు మళ్లీ మళ్లీ పోయారు, చెప్పేవారి మాట తీరును అట్లాగే నిలిపారు. ముఖాముఖిల నుంచి వీటిని వేరు చేసేది ఈ ఓపికే.

మమ్మల్ని మేమూ వదిలిపెట్టకూడదు. దళిత అధ్యయనం పేరుతో ఊరికి పోయినప్పుడు మేమూ ముందుగా వెతికేది జిల్లా కేంద్రంలో ఉండే సంఘం నాయకుణ్ణే. ఆయన మగవాడు, చదువుకున్నవాడు, మా భాషలో మాట్లాడేవాడు. ఆయన 'మన జాతి' అంటే మేము రాసుకుంటాం. పేట నాయకుడు ప్రాంతాన్ని ఒకే మనిషిగా చేసినట్టే ఇక్కడ వాడ ఒకే మనిషి అవుతుంది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం 'దళితులు' అనే ఒక్క మాట కింద ఎవరు వెనకపడ్డారని అడిగింది. 2025లో తెలంగాణ 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసింది. అందులో అత్యంత వెనుకబడిన 15 కులాలకు ఒక శాతం వచ్చింది. ఆ పదిహేనింటిలో ఎంతమంది గొంతు మన సంచికల్లో వినపడింది? ఈ ప్రశ్నకు మా దగ్గర తలెత్తుకునే జవాబు లేదు.

ఎత్తిపోతల పనులు జరిగే రోజుల్లో ఊరూరా మళ్లీ సంభాషణలు జరుగుతాయి. కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు ఎవరు పోయినా మేము కోరేది ఇది. పేట నాయకుణ్ణి కలవండి, ఆయన మాట రాయండి. అదే ప్రశ్నను, ఒక్క అక్షరం మార్చకుండా, వాడలో వేయండి. జోగిని పేరు మోసిన ఆమెను నీళ్ల గురించి అడగండి. డప్పు కొట్టే ఆయనను రైలు గురించి అడగండి. బొంబాయి నుంచి పీర్లకు వచ్చిన పిల్లవాణ్ణి ఈ ఊర్లో ఏముంటే ఆగుతావని అడగండి. వాళ్లూ నీళ్లే కావాలనవచ్చు. కానీ ఎవరి చేనుకో, ఎవరి బిందెకో కూడా చెప్తరు. అది రాసుకొచ్చిన రోజే మనం నారాయణపేటతో మాట్లాడినట్టు.