కందకం తవ్విన చేతులు

ఇంగ్లండ్‌లోని సఫోక్, ఎసెక్స్ ప్రాంతాలకు ప్రభుత్వ సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన పటాలు తెరిస్తే, పొలాల నడుమ గోతిక్ అక్షరాల్లో 'మోట్', అంటే కందకం, అన్న మాట తరచూ కనిపిస్తుంది. వెళ్లి చూస్తే చాలాచోట్ల ఇల్లుండదు, గోడుండదు. పచ్చికలో నలుచదరంగా ఒక పల్లం, దాని మధ్య చదునైన దిబ్బ. మధ్యయుగంలో జమీందార్లు, కొన్నిచోట్ల కలిగిన రైతులు ఇళ్లు కట్టుకున్న జాగాలివి. ఇంగ్లండ్ మొత్తమ్మీద ఇలాంటివి దాదాపు 6,000 గుర్తించారు. ఎక్కువ భాగం 1250-1350 మధ్య తవ్వినవే.

సైన్యాన్ని ఆపే కందకాలు కావివి. దొంగను, పశువును ఆపుతాయి, యజమాని హోదాను ఊరికి చాటుతాయి. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ మట్టిపని. తవ్విన మట్టిని లోపలికి పోస్తే ఇంటి జాగా చెమ్మకు అందనంత ఎత్తు లేచింది. బయటికి పోసిందేమో గట్టయింది. పెరట్లో నిలిచే వాననీరు కందకంలోకి దిగిపోయింది. అడుగున బంకమట్టి ఉన్నచోట నీరు తనంతట తానే నిలిచింది. ఇంకిపోయే నేలైతే బంకమట్టి తెచ్చి మెత్తారు. వాగు నుంచి కాలువ, నీటిమట్టానికి తూము, తిండికి చేపలు. ఒకే తవ్వకంతో ఎన్ని పనులు!

చెషైర్‌లోని లిటిల్ మోర్టన్ హాల్ చుట్టూ ఉన్న కందకం వెడల్పు 10 మీటర్లు. లోతు ఒక్క మీటరే అనుకున్నా, మీటరు పొడవు తవ్వితే 10 ఘనపు మీటర్ల మట్టి, అంటే పదిహేను టన్నులకు పైమాటే. అంచుకు ఇనుప తొడుగు వేసిన చెక్కపారలతో తవ్విపోశారు! 16వ శతాబ్దంలో లేచిన ఆ కలప ఇల్లు పైఅంతస్తు బరువుకు వంగి, మెలితిరిగింది. వచ్చినవాళ్లంతా ఆ వంకరనే ముచ్చటగా చూస్తారు. దానికంటే ముందు, బహుశా 13 లేదా 14వ శతాబ్దంలో తవ్విన కందకం మాత్రం ఇంకా నీళ్లతో నిలిచి ఉంది. నా ఓటు దానికే.

నీటి అడుగు పూడికలో గాలి ఆడదు గనుక కొన్నిచోట్ల వంతెన మోసిన ఓక్ దుంగలు, తోలు ముక్కలు, గింజలు చెడకుండా దొరికాయి. దుంగ వలయాల వెడల్పులు కొలిచి, ఏళ్లు తెలిసిన వలయాల వరుసతో పోల్చి, కొన్నిసార్లు చెట్టు కొట్టిన ఏడాదిని కూడా చెప్పగలుగుతున్నారు. అందుకే పొలంలో మురుగు కాలువలు వేసి కందకాన్ని ఎండగట్టడం, దున్ని చదును చేయడం చూస్తే బాధేస్తుంది. పూడిక ఎండిందంటే, వందల ఏళ్లు నిలిచిన ఆ కలప కుళ్లడం మొదలవుతుంది.