చైనీసు ‘లె’ – తెలుగు క్త్వార్థకం

చైనీసు నేర్చుకునే తెలుగు విద్యార్థి ‘లె’ను భూతకాల ప్రత్యయంగా గ్రహించడం సహజం. తొలి అభ్యాసాలలో ఈ వ్యాసకర్త చేసిన దోషాలకూ మూలమదే. ‘మింగ్‌థ్యెన్ వొ ఛి-లె ఫాన్ జ్యు ఛ్యు’ అంటే ‘రేపు అన్నం తిని వెళ్తాను’ అని అర్థం. ఇక్కడ భోజనం భావికాలానిదైనా ‘లె’ ఉంది. ‘నిన్న చలిగా ఉండింది’ అనే స్థితివాచక వాక్యంలో, కాలం గతమైనా, ‘లె’ రాదు. కనుక క్రియానంతర ‘లె’ తెలిపేది కాలాన్ని కాదు, క్రియాపరిసమాప్తిని. బాలవ్యాకరణ సంప్రదాయం క్త్వార్థకమని వ్యవహరించే ‘తిని’ సైతం కాలనిరపేక్షమే. పూర్వక్రియ ముగిసిందని మాత్రమే సూచిస్తుంది. అయితే క్త్వార్థకం అసమాపకం. ‘లె’ ప్రధానక్రియతోనూ చేరుతుంది, వాక్యాంతంలో స్థితిమార్పునూ తెలుపుతుంది. ఈ భేదాన్ని విస్మరించకుండానే, తెలుగువారికి ‘లె’ బోధనను భూతకాలంతో గాక క్త్వార్థకంతో ఆరంభించడం సమంజసం.