జవాబు వచ్చేదాకా ఆగుదాం

ప్రశ్న అడిగాక మాస్టారు ఎంతసేపు ఆగుతారు? అమెరికాలో సైన్సు బోధన మీద పరిశోధించిన మేరీ బడ్ రో తరగతి గదుల్లో రికార్డు చేసిన టేపులు విని లెక్కగట్టారు: సగటున ఒక్క సెకను. ఈలోగా చెయ్యి లేవకపోతే మాస్టారే జవాబు చెప్పేస్తారు, లేదంటే ముందు బెంచీవాళ్లను లేపుతారు. ఆ సెకనును మూడు సెకన్లు చేస్తే జవాబులు పెద్దవవుతాయని, ఎన్నడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడతారని 1974లో ఆమె రాశారు. జవాబు విన్నాక కూడా అంతే ఆగాలన్నారు. నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ రెండో మాటే.

నేను పాఠాలు చెప్పే మేళ్లచెరువులో నేల కింద సున్నపురాయి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది దానికోసమే. పదో తరగతి పిల్లలు కాల్షియం కార్బొనేట్ సమీకరణం గడగడా అప్పజెబుతారు. అది తమ ఊరి రాయేనని మాత్రం తోచదు. అందుకే ఓ ముక్కను మెత్తగా దంచి, సాసర్లో పోసి, నిమ్మకాయ పిండించాను. సన్నగా బుడగలు లేచాయి.

"ఏం వస్తున్నది?"

"గాలి సార్," అన్నాడొక పిల్లవాడు. "శభాష్" అంటే పాఠం అక్కడితో అయిపోయేది. అనకుండా నిలబడ్డాను. వెనక వరసలోంచి ఓ అమ్మాయి అడిగింది: "ఆ గాలి రాయిలదా సార్, నిమ్మకాయలదా?" ఇంకొకడు అందుకున్నాడు: "ఫ్యాక్టరీల నిమ్మకాయ పిండరు గద, కాలుస్తరు. అప్పుడు గూడ ఇదే వస్తదా?"

పుస్తకాలు తెరవమని నేను చెప్పలేదు. వాళ్లే తెరిచారు, పరమాణు భారాలు కూడారు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. మిగతా 44 కిలోలు కార్బన్ డయాక్సైడై పొగగొట్టంలోంచి పోతుంది. రాయిలో దాదాపు సగం గాలేనా అని తరగతంతా గోల.

అన్ని ప్రశ్నలకూ ఆగి లాభం లేదు. సున్నం ఫార్ములా అడిగితే వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మూడు సెకన్లు కాదు, మూడు నిమిషాలు ఆగినా అంతే. ఆగదగ్గ ప్రశ్న ముందురోజు రాత్రే ఆలోచించుకోవాలి, కష్టమంతా అందులోనే. సిలబస్ పూర్తికాదన్న భయం నాకర్థమవుతుంది. కానీ పీరియడులో పదిహేను ప్రశ్నలకు మూడేసి సెకన్లు ఆగినా పోయేది ముప్పావు నిమిషం.