పెరటికి అందం అసిల్

చూడముచ్చటగా ఉండాలి, గుడ్డు పెట్టాలి, కూరకూ పనికిరావాలి. పెరట్లో నాలుగు కోళ్లు పెంచాలనుకునే ప్రతివాళ్లూ కోరేది ఇదే. ఏ జాతి తేవాలని ఎవరడిగినా నా జవాబు ఒక్కటే: అసిల్. మేలైన అసిల్ పుంజు నడిచొస్తుంటే మరో కోడి మీద చూపు ఆనదు. నిటారైన మెడ, ఒంటికి అంటుకుపోయిన మెరిసే ఈకలు, తలకు అతుక్కున్న చిన్న తురాయి, బలమైన కాళ్లు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, కౌజు, మైల అంటూ మనవాళ్లు కుక్కుట శాస్త్రంలో రంగురంగుకీ పేరు పెట్టుకున్నారంటే ఎంత మురిసిపోయారో చూడండి!

ఇది పల్నాటి యుద్ధం నాటి కోడి అంటారు. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌కు చేరిన అసిల్ రక్తంతోనే కార్నిష్ జాతి తయారైంది. నేటి బ్రాయిలర్ రొమ్ము కండకు మూలం ఆ కార్నిషే.

గోదావరి జిల్లాల పాత పెంపకందార్ల ఎంపిక చూసి తీరాలి. కోడిని చేత్తో ఎత్తి, రొమ్ము ఎముక మీద వేళ్లు ఆడించి కండ పట్టు చెప్పేస్తారు. పుంజు కంటే ముందు దాన్ని కన్న పెట్టను చూస్తారు. తోబుట్టువులను జత కట్టనివ్వరు. పుంజు నాలుగైదు కిలోలు, పెట్ట మూడు నాలుగు కిలోలు తూగడం ఊరికే వచ్చిన వరం కాదు, తరాల ఓపిక. ఆ కండ నిదానంగా ఉడికి పులుసులోకి దిగితే, రాగిసంకటికి అంతకు మించిన జోడీ లేదు.

గుడ్ల సంఖ్యలో అసిల్ వెనకే. ఏడాదికి వంద కూడా దాటవు. గుడ్లే ముఖ్యమైతే హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధకులు రూపొందించిన గ్రామప్రియను పక్కన పెంచుకోండి. 72 వారాల వయసుకు 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. కానీ అది పొదగదు. పొదుగు మీద అసిల్ పెట్టను చూడాలి! గంపలో వరిగడ్డి పరిచి, వారం లోపు గుడ్లు పది పన్నెండు పెడితే 21 రోజులు కదలకుండా కూర్చుంటుంది. ఏడో రోజు చీకట్లో గుడ్డును దీపానికి అడ్డుపెట్టి, ఎర్రటి నరాలు కనిపించనివి తీసేయాలి. పిల్లలు దిగాక గద్దకైనా కుక్కకైనా ఎదురు తిరిగే తల్లి అది. కొక్కెర తెగులుకు టీకా వేయించే పని మాత్రం మనది.

ఇంతటి జాతిని చేజేతులా చెడగొట్టుకుంటున్నాం. పందెం డబ్బు కోసం పెరూ పుంజులతో కలిపి ఊరి అసిల్‌ను కలుషితం చేస్తున్నారు. కత్తి కట్టి చంపుకోవడానికా ఇన్ని తరాలు దాన్ని కాపాడింది? బజారులోనైతే గుడ్లుడిగిన లేయర్ కోడీ, ఫారంలో పెంచిన రంగు కోడీ అన్నీ "నాటుకోళ్లే"! గోధుమరంగు పెంకు కనిపిస్తే చాలు, నాటుగుడ్డని రెట్టింపు ధర. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది తప్ప, పెరట్లో తిరిగినంత మాత్రాన రాదు. ఇది మోసం, జాతికి ద్రోహం.

ఊరికొక్క ఇల్లు పూనుకున్నా చాలు. ఒక మేలైన పుంజు, ఎనిమిది పెట్టలు, క్రాసు పుంజు తొక్కని పెరడు. కొనేవాళ్లు తల్లి కోడిని చూపించమని అడగండి. చూపించలేనివాడి దగ్గర కొనకండి.