వేళ్లకే కనబడే నట్టు

మైపాడు వైపునుంచి వచ్చే ఉప్పుగాలికి ఇందుకూరుపేటలో బండి బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. రొయ్యల గుంటల గట్లమీద తిరిగే బండ్లయితే మరీను. ఇంటి ముందే రిపేరు చేసుకునేవాళ్ల పనితనం కార్బురేటర్ దగ్గర చూడాలి. ఇంజనుకీ ఎయిర్ ఫిల్టర్ డబ్బాకీ మధ్య సందులో చూపు పోదు, రెండు వేళ్లు పోతే గొప్ప. పానా కాస్త కదలగానే ఫ్రేముకు తగులుతుంది. నోరు తెరిచిన పానా తల సాధారణంగా 15 డిగ్రీలు పక్కకు వాలి ఉండేది ఇందుకే: 30 డిగ్రీలు తిప్పి, తీసి, బోర్లించి పెడితే మళ్లీ పట్టు దొరుకుతుంది. ఎవరు కనిపెట్టారోగానీ దండం పెట్టాలి! తుప్పు బోల్టుకైతే ముందురోజే నూనె వేసి వదిలేస్తారు. బిగించేటప్పుడు నట్టు జారిపోకుండా సాకెట్లో కాస్త గ్రీజు పూస్తారు. కొందరు పాత పానాను అరగదీసి పలచగా చేసుకుంటారు. నాకు వాళ్లంటేనే ఎక్కువ గౌరవం.